రెండక్షరాల కొడుకు

అక్షరానికి ఇంతని కూలి నాకు.
రాజుకైనా ఒంటెల కాపరికైనా అదే ధర.
ఈ వంశం నాకు తెలిసినంతగా
దాన్ని కన్న తల్లులకి కూడా తెలియదు.

నల్లరాతి దేవుడికి వాళ్లు పూజారులు,
ఆ దేవుడి నీడ పడినంత మేర రాజులు.
ఒక చేత ధూపం, ఒక చేత దండం.
రోము వచ్చి దండం తీసుకుంది, ధూపం వదిలేసింది.
పోతూ పోతూ ఒక్కో పేరుకి ముందు
గైయస్ అనీ జూలియస్ అనీ
రెండేసి కొత్త తలుపులు బిగించింది.
నాకేం, ఐదూ ఏడూ పన్నెండక్షరాలు.
మా ఇంటి బార్లీ అంతా ఆ తలుపుల్లోంచే వచ్చింది.

ఈ చలికాలం భూమి కదిలి పాత శిల పగిలింది.
కొత్తది చెక్కమని కబురు.
వసంతంలో పన్నుల అధికారి వస్తాడట,
ఎవడు ఎవడి కొడుకో రాతి మీద చూపిస్తేనే
గుడి కింది ఆలివ్ తోటలు గుడివని ఒప్పుకుంటాడట.
తాతలు తాగిన నేతికి
ఇన్నాళ్లకి మూతి వాసన చూసే మనిషి దొరికాడు.

ముక్కలు ఇసుకలో పేర్చాను.
గరమేలు. అతని కొడుకు నూర్బేలు.
అతని కొడుకు రబ్బూ. అతని కొడుకు మొకీము.
అక్కడ ఉలి ఆగింది.

మా తాత ఓగా పోయేముందు
పులిసిన ద్రాక్షరసం వాసనతో నా చెవిలో చెప్పాడు:
నూర్బేలు రబ్బూ ఒక్కడే మనిషిరా.
పేరు పొడవై పలకలో పట్టలేదు,
సగం కింది వరుసకి జారింది.
జారిన చోట ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోలేదు,
అలవాటుకొద్దీ రెండక్షరాలు కొట్టింది: బర్.
అంటే, కొడుకు.

ఆ రెండక్షరాలకి పుట్టాడు ఒక రాజు.
మంత్రసాని లేదు, పురుడు లేదు.
మొదట్లో ఎవరూ చూడలేదు.
చూసినవాళ్లు, రాతిలో ఉన్నాడు కదా, ఉండే ఉంటాడన్నారు.
పదమూడేళ్లు ఏలాడని లెక్క సరిపెట్టారు.
కొండకొమ్మున తీపినీళ్ల బావి
ఎవరు తవ్వారో ఎవరికీ గుర్తులేదు,
అదీ ఆయన ఖాతాలో వేశారు.
పిల్లలు లేని ఆడవాళ్లు ఆ గట్టు మీద
ఆయన పేరున దీపం పెడతారు.
మా ఆవిడా పెట్టింది.
మా పెద్దవాడు ఆ దీపం తర్వాతే కడుపున పడ్డాడు.

రాత్రి మలికూ దగ్గరికి వెళ్లాను.
ఇప్పుడు రాజు కాడు, రాజుల మనవడు,
కుంపటి ముందు మోకాళ్లకి గొర్రెకొవ్వు రుద్దించుకుంటున్నాడు.
ఉన్నదంతా చెప్పాను.
ఒక పేరు పోతే నా కూలి తగ్గుతుందని తెలిసీ చెప్పాను.

చాలాసేపు బూడిద కెలికాడు.
"గరమేలు అన్నని కొండ మీంచి తోశాడు.
మొకీము తన నమ్మకం చూపించుకోడానికి
తమ్ముణ్ణి రోముకి బందీగా పంపి,
మళ్లీ ఎప్పుడూ అడగలేదు.
మా నాన్న సంగతి నీకు తెలుసు,
ఆ అక్షరాలు నువ్వే కొట్టావు.
రబ్బూ ఒక్కడే..."
దగ్గు వచ్చింది. నీళ్లు తాగాడు.
"వాణ్ణీ తీసేస్తే
నేను ఎవరికి పుట్టినట్టురా, తైమే?"

తెల్లారి ఎర్రరంగు కలిపాను.
గైయస్ జూలియస్ నూర్బేలు.
అతని కొడుకు గైయస్ జూలియస్ రబ్బూ.
ఈసారి పలక వెడల్పుగానే ఉంది,
చెయ్యి జారిందని చెప్పడానికి సాకు లేదు.

అధికారి వచ్చాడు, వేలితో ఒక్కొక్క వరుసా లెక్కపెట్టాడు.
రబ్బూ దగ్గర ఆగి,
ఈయన సమాధి ఏదీ అన్నాడు.
మలికూ నా వైపు చూశాడు.
నేను బావి వైపు చూపించాను.
నడిచి వెళ్లాడు. తోడించుకుని దోసిలితో తాగాడు.
బాగున్నాయి అన్నాడు.
రాసుకున్నాడు.