వెనక షాకులు

మురకంబట్టు దాటినాక రేకుల షెడ్డు.
జిలానీ రెండు షాకబ్జార్లు పక్కపక్కన నిలబెట్టినాడు.
ఒకటి నా తొంభై ఎనిమిది బండిది, నూనె కక్కి చచ్చింది.
ఇంకోటి దాని తర్వాతి తరానిది,
మొగిలి ఘాట్‌లో తుక్కైన బండిలోంచి ఊడదీసింది.

"పేరొకటే అన్నా, పొడుగు వేరే."
బొటనవేలంత తేడా.
కింది కన్నంలో నా పాత బోల్టు
పెద్దోడి చెప్పులో పిల్లోడి కాలు మాదిరి ఆడింది.
వాళ్ల నాయన లేత్ మీద
ఇత్తడి ముక్క సన్నంగా చెక్కి
ఆ సందులోకి దిగ్గొట్టినాడు.

పొద్దు వాలేసరికి
బండి వెనకభాగం ఎత్తుకోని నిలబడుండాది,
నీళ్లకు వంగిన ఎద్దు మాదిరి.
"బరువు పడితే సర్దుకుంటుంది పో."

ముప్పై అట్టల గుడ్లు ఎక్కించుకున్నా.
ఒక్కో గుంతకు ఇన్ని పోయింటాయని
లెక్కేసే అలవాటు నాది.
బంగారుపాళెంలో ఆపి చూస్తే
ఒక్కటే చిట్లింది,
అదీ నా గోరు తగిలి.

ఆ తుక్కుబండి ఎవరిదని
జిలానీని అడగలా నేను.
ఘాట్‌లో మూడో మలుపు ఇంకా రాకముందే
కాలు తనంతట తానే
బ్రేకు మీదికి పోయింది.