పొగ లెక్క

గోబీ అంచున మా బడి.
పొయ్యిలో బొగ్గు వేసే పని నాది.
తరగతికీ నాకూ మధ్య ఒక తలుపు,
అది ఎప్పుడూ సరిగ్గా మూసుకోదు.
ఇరవై రెండు చలికాలాలు ఆ సందులోంచే చదువుకున్నాను.
గుణకారం వచ్చు. భిన్నాలు సగం వచ్చు.

ఈ రోజు ఘాతాల లెక్క.
సొలొంగో టీచర్ నల్లబల్ల మీద ఒక చుక్క పెట్టింది.
"ఒకరు ఐదుగురికి పంపారు. ఆ ఐదుగురూ తలా ఐదుగురికి..."
పిల్లలు గొంతు కలిపి మెట్లెక్కుతున్నారు:
ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు,
ఆరు వందల ఇరవై ఐదు...
ఐదో మెట్టు దగ్గర ఖులాన్ ఆగింది.
"టీచర్, మూడు వేల నూట ఇరవై ఐదు.
మన ఊళ్లో అంతమంది లేరు."

"ఇక మిగిలింది గొర్రెలే" అన్నాడెవడో. నవ్వులు.
దగ్వదోర్జ్ నవ్వలేదు.

పార ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే నిలబడిపోయాను.
ఏ ఫొటో గురించో నాకు తెలుసు.
ఎనిమిది తోడేళ్లు, మంచు, వెనక చెట్లు.
కింద రాత: 'మన ఉత్తర లోయ, నిన్న సాయంత్రం.'
మొన్న రాత్రి అది చూసి
దగ్వదోర్జ్ నాన్న మందను కదిలించాడు.
మైనస్ ముప్పై చలి. చీకటి. చూలు గొర్రెలు.
పదకొండు ఈచుకుపోయాయి.

టీచర్ ఆ ఫొటోను గోడ మీద పెద్దది చేసింది.
ఇది నిజమా అని అడగలేదు.
"మంచు మీద అడుగుజాడ చదివినట్టు చదవండి" అంది, అంతే.

చూడాలి అప్పుడు ఆ పిల్లల్ని!
గుడారాల్లో పుట్టినవాళ్లు,
తప్పిపోయిన గుర్రాన్ని గిట్ట గుర్తుతో పట్టుకొచ్చేవాళ్లు,
రాత్రంతా వేలితో పైకి తోసేసిన బొమ్మను
మొదటిసారి కళ్లతో తడిమారు.
"ఉత్తర లోయలో చెట్లెక్కడివి?"
"ఎనిమిది నడిస్తే మంచు ఇంత నున్నగా ఉంటుందా?"
"చెట్ల నీడ అటు, తోడేళ్ల నీడ ఇటు,
సూర్యుడికి రెండు మనసులా?"
ఈ చివరిది దగ్వదోర్జ్. గొంతు బొంగురుగా ఉంది.
కోణమానిని పట్టుకుపోయి గోడ మీద నీడను కొలిచాడు.
కొలిచిందే మళ్లీ కొలిచాడు,
కొలిస్తే ఏదో తిరిగొస్తుందన్నట్టు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
పొయ్యి దగ్గర బతికినవాణ్ణి, నన్నడగండి:
తడి పిడక గదినిండా పొగే ఇస్తుంది,
చేతులు కాచుకోను చిటికెడు నిప్పుండదు.

"ఇప్పుడు వెనక్కి నడుద్దాం" అంది టీచర్.
"మీకెవరు పంపారు? వాళ్లకెవరు?"
బల్ల మీద బాణాలు వెనక్కి తిరిగాయి.
ఎవరి వదినో, బస్సు డ్రైవరు, కొట్టు నడిపే ఆమె...
ఒక్కో బాణం నా తలుపు వైపు జరుగుతున్నట్టుంది.
నిజమే. కొట్టామెకి పంపింది నేను.
'మన ఉత్తర లోయ' అన్న రాత కూడా నాదే.
నాకొచ్చినప్పుడు దాని కింద ఏమీ లేదు.
ఉత్త బొమ్మ ఎవరు చూస్తారని,
ఉప్పు వేసినట్టు ఒక చోటు పేరు వేశాను.

ఖులాన్ చేతిలో సుద్ద ఆగింది.
ఆ పిల్లకి తెలుసు, కొట్టు వాళ్లమ్మదే.
తలుపు సందులోంచి నన్ను చూసింది.
తర్వాత బాణం చివర 'ఒకరు' అని రాసి
సుద్ద కింద పెట్టింది.
"పేరు?" అన్నారు వెనక బల్లవాళ్లు.
"అది చెప్పుకోవాల్సింది వాళ్లు" అంది టీచర్.
"లెక్కలో మన వంతు ఇక్కడిదాకే."

గంట కొట్టారు.
ఫోన్ తీశాను. 'అది మన లోయ కాదు.
ఆ మాట రాసింది లువ్సాన్, బడి పొయ్యి పనివాడు.'
నొక్కితే కదల్లేదు.
మసి అంటిన వేలిని తెర గుర్తుపట్టలేదు.
మొన్న రాత్రి ఎంత శుభ్రంగా ఉందో ఈ వేలు.

గుమ్మం బయట మంచుతో రుద్దుకుని మళ్లీ నొక్కాను.
ఐదుగురికి. వెళ్లింది.
అక్కణ్ణుంచి ఇరవై ఐదుకు ఎక్కుతుందో లేదో,
ఆ లెక్క ఇంకా చెప్పలేదు టీచర్.
దగ్వదోర్జ్ ఇంటికి మాత్రం
నడిచే వెళ్లాలి.