ఐదో కన్ను

ఫిషింగ్ హార్బర్‌లో మా ఐసు ఫ్యాక్టరీ గోడలకి
కార్తీకం వెళ్ళాక కూడా చెమట ఆరదు.
కంప్రెసరు రొప్పు, అమ్మోనియా ఘాటు,
ఉప్పునీళ్ళ తొట్టెలో పీకలదాకా మునిగిన రేకుడబ్బాలు.
సాయంత్రం ఆరున్నరకి
తూకం బల్ల మీద టీ ఫ్లాస్కుకి ఆనించి
ఫోను నిలబెడతాను.
అక్కడింకా మధ్యాహ్నమే. మంచు పడుతుంటుంది.

"మళ్ళీ మొదలెట్టేసినావా?" అంటాడు గరికిన పైడయ్య.
"కాళ్ళకి బద్దలు కట్టుకుని పరిగెత్తడమేటి,
మద్దిలో ఆగి తుపాకీ పేల్చడమేటి?
దొంగ ముందెల్తన్నాడా, ఎనకొస్తన్నాడా?"

రెండేళ్ళ కిందట వాయుగుండం పట్టి
రేవులో మూడో నంబరు ఎగరేసిన రాత్రి,
ఐసు కొనే దిక్కులేక కూర్చుంటే
వేలు జారి తగిలింది ఈ ఆట.
ఓ పిల్ల పేరు చదవబోయాను, నా వల్ల కాలేదు.
పేరులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలున్నాయి.
చుక్కలమ్మ అనుకున్నాను.
అదే ఉండిపోయింది.

నవంబరు ఆఖర్న తొలి పందెం. చుక్కలమ్మ యాభై ఎనిమిది.
అరవైలోపు వస్తేనే మర్నాటి తరుముడు పందేనికి పిలుపు.
మా బావకి పోర్టులో కలాసీ పని దొరికినప్పుడు కూడా
నేనంత గెంతలేదు.

గుండె చెవుల్లో కొట్టుకునేదాకా కొండెక్కాలి.
ఎక్కి, దిగి, ఆగి
ఆ గుండెనే బతిమాలుకోవాలి,
ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య
గుండంత చోటివ్వమని.
యాభై మీటర్ల అవతల ఐదు నల్లకళ్ళు.
తగిలితే తెల్లబడతాయి.

ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలిసింది వేరు.
వంజరం కన్ను నల్లగా మెరిస్తే తాజా,
తెల్లబడిందా, బేరం పోయినట్టే.
కన్ను తెల్లబడకుండా కాయడానికే నాకు జీతం.
అలాంటివాణ్ణి
తెల్లబడు, తెల్లబడు అని
పేరు తెలీని ఊళ్ళో ఇనప కళ్ళకి మొక్కుతున్నాను.

డిసెంబరులో మూడు తప్పింది.
తప్పిన ఒక్కో గుండుకీ నూటయాభై మీటర్ల జరిమానా చుట్టు.
తిట్టరు. తిరిగి రమ్మంటారు, అంతే.
దిమ్మ జారి పగిలితే మా మేనేజరు జీతంలో కోస్తాడు.
తిరిగితే తీరిపోయే తప్పు
ఎంత మర్యాదైన తప్పు!

సంక్రాంతి వెళ్ళిన వారం అక్కడ వాన.
పచ్చగడ్డి మధ్య సన్నటి తెల్ల పట్టీ.
నిరుటి మంచుని రంపప్పొట్టు కింద దాచి
లారీల్లో తోలుకొచ్చి పరిచారట.
పైడయ్య కొక్కెం దించేశాడు.
"ఓలమ్మో, ఆళ్ళూ మనలాగేనేటి!"
మా నాన్న దిమ్మల మీద కప్పిందీ ఆ పొట్టే.
ఆ రాత్రి నుంచి ఫ్లాస్కులో టీ ఇద్దరికి.

ఫిబ్రవరిలో జాబితాలో లేదు.
జ్వరమో, ఇంటికి పంపేశారో.
చెప్పేవాళ్ళ మాట మాకు రాదు,
గొంతు ఎత్తుపల్లాలు తప్ప.
"అలిగుంటాదిలే" అన్నాడు పైడయ్య
రొయ్యల బోటుకి ఐసు కొడుతూ.

మార్చి. ఆఖరి పందెం. మంచు అటుకుల ముద్దలా ఉంది.
నిలబడి కొట్టే ఆఖరి వంతుకి
చుక్కలమ్మ పన్నెండో స్థానంలో వచ్చింది.
మా జన్మలో ఎరగని పన్నెండు!
ఒకటి తెలుపు. రెండు. మూడు.
నాలుగు.
కింద జెట్టీ నుంచి కేక:
"ఐసూ! రెండు టన్నులు! పోటు దాటిపోతాది!"

వెళ్ళాను. వెళ్ళక?
దిమ్మకి కొక్కెం తగిలించి ఊపిరి బిగబట్టి లాగాను.
గర్రున క్రషరు. నలిగిన తెలుపంతా
గొట్టం లోంచి బోటు కడుపులోకి.
ఆ హోరులోనే అరిచాను: "ఐదోది?"

పైడయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.
"నల్లగానే ఉండిపోనాది."

ఏమో, చెడ్డ వార్త విన్నట్టు అనిపించలేదు.
మా లెక్కలో నల్లగా ఉందంటే
ఇంకా పాడవలేదని.

ఏప్రిల్ పదిహేను. వేట బందు. అరవయ్యొక్క రోజులు.
కంప్రెసరు ఆపేస్తే
చెవుల్లో ఏదో దడదడ, ఎవరో వస్తున్నట్టు.
చాలాసేపటికి గానీ తెలియలేదు, నాదే అని.
పైడయ్య డబ్బాల తుప్పు గీకుతూ
వేళ్ళు మడుస్తున్నాడు.
"నవంబరంటే... ఏడు నెల్లా, ఎనిమిదా?"