లాగ్‌బుక్కు వెనక పేజీలు

ముందు పేజీలు బాబా చూస్తాడు:
కిలోమీటర్లు, పెట్రోలు, టైర్లో గాలి.
వెనక పేజీలు ఎవరూ తిప్పరు.
ఆడ నేను బొమ్మల పుస్తకాలకు మార్కులేస్తాండా.

సాల్వాలో బడి వదిలేది ఒకటిన్నరకి.
పన్నెండుకే పోయి నీడ పట్టుకోవాల,
లేకుంటే స్టీరింగు పెనమే.
వెనక సీట్లో బదర్ పారేసిన పుస్తకాలు,
చిప్స్ నూనె మరకలు, కొన్నిటికి అట్టల్లేవు.
చదివి రాస్తా. నక్షత్రాలేసేది నాకు చాతకాదు,
పెట్రోలు సూదితో కొలుస్తా:
ఫుల్లు, ముప్పావు, సగం, ఎర్రగీత.

మొదటిది, నవంబరు. తేదీ చెమటకు అలికిపోయింది.
"రంగులు ఘనం. కండలు మరీ ఘనం.
పద్నాలుగో పేజీలో వంతెన విరుగుతాది,
తర్వాతి సంచికలో అదే వంతెన మీద కార్లు పోతాంటాయి.
మధ్యలో సారువ కట్టినోడు ఏ గడిలోనూ లేడు.
(మూడేండ్లు కట్టినా ఫహాహీల్‌లో. నాకు తెల్సు,
వంతెన ఒక్క సంచికలో లేవదు.)
సూది: సగం."

బదర్‌కు పదకొండేండ్లు. నా అరబ్బీకి నవ్వుతాడు గానీ
వాని పుస్తకం మీద నా తీర్పు అడుగుతాడు.
"సగమా? ఓబుల్, నీకేం తెలీదు!"
"ఎగిరేటోడు దిగేటప్పుడు మోకాళ్ళు వంచలే, చూడు" అన్నా.
రెండు రోజులు మాట్లాడలే.
మూడోనాడు సీటు బెల్టు పెట్టుకుంటా,
"నిజమే, వంచలేదు" అన్నాడు.

శుక్రవారం సంతలో పుస్తకాలు కిలోలెక్క.
ఎవరో కుర్రోడు సొంత డబ్బుతో అచ్చేసుకున్నది ఒకటి దొరికింది.
నలభై పేజీలూ ఒక ముసిలోడు వల అల్లుతానే ఉంటాడు.
"ఏమీ జరగదు. ముడి మాత్రం సరిగ్గా గీసినాడు.
రెండుసార్లు చదవబోయి నిద్రపోయినా.
మూడోసారి చదివినా. ముప్పావు."

ఇంగ అసలు సంగతి.
పక్కింట్లో పనిచేసే పెంచలమ్మ, పుల్లంపేట పక్క.
చెత్త వేసేదానికి వచ్చి గోడ మీదుగా ఇచ్చింది,
పదకొండు పేజీలు, బియ్యం సంచి దారంతో కుట్టి.
ఆ ఇంటి పిల్లోళ్ళ విరిగిన క్రేయాన్లు,
ఎక్కువగా ఊదారంగు.
ఎవరికీ అక్కర్లేనిదే కదా మిగిలేది.

మనుషులకు మొగాలు లేవు, కాళ్ళే.
వంగి నేల తుడిచేదానికి కనపడేది అంతే.
కాళ్ళ పైన మాటల బుడగలు, అన్నీ ఖాళీ.
"అసంపూర్తి" అని రాసినా. సూది: పావు.

మర్నాడు అడిగినా, మాటలు మర్చిపోయినావా అక్కా అని.
"వాళ్ళేమంటారో నాకర్థమైతే కదా రాసేది.
పెద్ద బుడగ అరిస్తే. చిన్నది గుసగుస.
మొనలుంటే దాంట్లో నా పేరు ఉన్నట్టు."

మల్లా చదివినా, వైపర్ల మీద దుమ్ము పేరుకుంటాంటే.
ఆరో పేజీలో ఎనిమిది జతల కాళ్ళు,
గదినిండా చిన్న బుడగలు, సబ్బునురగ మాదిరి.
మూలన పెద్దదొకటి,
మొనలతో కాగితం అంచు దాటిపోయింది.
ఏడో పేజీలో కాళ్ళు లేవు. బక్కెట్టు ఉంది.

"అసంపూర్తి" కొట్టేసినా.
కొట్టేసింది కనపడేట్టే ఉంచినా.
తప్పు కూడా చెప్పాల గదా:
తొమ్మిదో పేజీలో మెట్లు,
మనిషి ఎక్కుతాందో దిగుతాందో తెలీదు.
ఆ మాటే ఆమెతో అంటే
"ఆ పొద్దు నాకూ తెలీలే" అనింది.

కొత్తగా సూది గీయబోతే బాబా వచ్చి బుక్కడిగినాడు.
ఎనభైరెండు వేల నూటారు కిలోమీటర్లు. నాలుగు దీనార్ల పెట్రోలు.
సంతకం పెట్టి ఇచ్చేసినాడు. వెనక్కి తిప్పలే.

ఆరో పేజీ వెనకాల ఇంకెవరిదో పెన్సిలు రాత ఉంది.
బదర్‌తో చదివించినా:
ఎర్రగడ్డలు, డైపర్లు, నిమ్మకాయలు ఇరవై.
అది రివ్యూలో పెట్టాల్నా వద్దా అని ఆలోచిస్తాండా.
సూది ఇంకా గీయలే.
బడి గేటు తీసినారు.