ఇంకోసారి

మా దేశానికి పదకొండు గడియారాలు,
మా బసలో సమోవర్ ఒక్కటే.
మర్మాన్స్క్ ఆయనకి మా అర్ధరాత్రే ఆకలి.
వ్లదివస్తోక్ పిల్ల దీపాలు పెట్టకముందే
చెంచా పట్టుకుని తూలుతుంది.
ఎవరి పొద్దు వాళ్ల కళ్లలో.
నా చేతులకి మాత్రం ఎప్పుడూ పిండే.

తెల్లారాక జొరిగ్తో వాళ్లని వ్యానెక్కించి
బైకాల్ మంచు మీదికి తోలుకుపోతాడు.
నల్లటి మంచు,
లోపల దొంతర్లుగా ఆగిపోయిన గాలిబుడగలు.
జనం బోర్లా పడుకుని ఫొటోలు తీసుకుంటారు,
కింద చేపలకి ఎన్ని ఊళ్ల మొహాలో!

ఖోబోయ్ కొమ్ము చేరేముందు
ఒక పగులు దగ్గర బండి ఆపుతాడు.
సీట్ కింద సీసా తీసి
వేలు ముంచి, పాలు చిలకరిస్తాడు.

"అబ్బ, ఎంత బావుందో!
ఇంకోసారి చల్లవా, వీడియో రాలేదు."

కాదనడు. చల్లుతాడు.
మొదటిసారి తమ్ముడు బాతో కోసం.
మార్చి నెలాఖరున, ట్రాక్టర్‌తో సహా
ఆ పగులులోనే దిగిపోయినవాడు.
రెండోసారి?
డబ్బులిచ్చారు కదా, ఆటలే అనుకున్నాను.
మూడు చలికాలాలు అలిగాను కూడా.

నిన్న రాత్రి అడిగేశాను.
తడిసిన బూట్లు పొయ్యి పక్కన బోర్లిస్తూ అన్నాడు:
"వాడికి ఉత్త పాలు ఎక్కవు కదా, దుల్మా.
రెండోసారి ఫ్లాస్కు తీస్తాను.
నువ్వు పెట్టిన ఉప్పు టీ.
ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు."

నేను ఏదో అనబోయాను.
తలుపు చప్పుడు.
మర్మాన్స్క్ ఆయన, మేజోళ్లతో,
"ఏమైనా తినడానికుందా?"

ఉంది, కూర్చోండి.
ఫ్లాస్కు కడిగి
పొద్దుటికి పక్కన పెట్టాను.