ఏడు చుట్లు

అగనంపూడి గుంటడు
పాత కారుకి కొత్త చక్రాలు తెచ్చాడు.
కన్నాలు కలవలేదు.
హబ్బుకి నాలుగు, చక్రానికి అయిదు.

ఆటోనగర్ రేకుల షెడ్డులో
అసిరయ్య లేతు మీద అల్యూమినియం దిమ్మ తిప్పుతున్నాడు.
వెండి రజను మీసాల మీద రాలుతోంది.
"రెండు వేళ్ళ మందం.
ఇటు నాలుగు, అటు అయిదు.
మజ్జిన పెద్దమనిషన్నమాట."

గుంటడికి తొందర.
చీకటి పడకముందే బీచ్ రోడ్డెక్కాలి,
చక్రాలు అంగుళం బయటికి పొడుచుకొచ్చి
ఎవరి కంటోనో పడాలి.

అసిరయ్య నట్టుని చేత్తో ఎక్కిస్తూ లెక్కపెట్టాడు.
ఆరు చుట్లు. మర అయిపోయింది.
విప్పేశాడు.
"ఏడు రాకపోతే బండి ఇవ్వను బాబూ.
షిప్‌యార్డులో ఒక్కపాలి ఆరుకి ఒప్పుకున్నాను."
తర్వాతేటయిందో చెప్పలేదు.
లేతు ఆన్ చేశాడు.

పొడుగు స్టడ్లు దొరికి, బిగించేసరికి
వీధిదీపాలు వెలిగాయి.
పానా టిక్కుమంది, ఎదురెదురుగా, చుక్క గీసినట్టు,
ఇరవై సార్లు.
"భీమిలి దాకా పోయి తిరిగొచ్చీ. మళ్ళీ బిగించాల.
కొత్తగా కలిసినవి కదా,
కుదురుకోడానికి కొంచెం వదులవుతాయి."

కారు గాజువాక వైపు తిరిగింది.
పక్క షాపులన్నీ మూసేశారు.
అసిరయ్య షట్టరు సగమే దించాడు.
స్టూలు మీద కూర్చుని,
పానా ఒళ్ళో పెట్టుకుని,
వచ్చే ప్రతి బండికీ
చెవి ఒగ్గుతున్నాడు.