అభ్యంతరం నెంబరు ఏడు

అయ్యా,
మీ ఉత్తరం అందింది.
దేవరకొండ బస్టాండు వెనుక, పత్తి మిల్లు పక్క షెట్టరు మాది.
మెట్లు తీసేసినం కదా,
పోస్టుమాను ర్యాంపు మీద సైకిలు దిగకుంటనే
లోపలిదాక వచ్చి ఇచ్చిపోయిండు.

ఆరు అభ్యంతరాలకు రశీదులు జతపరిచినం.
రంగు డబ్బాలు, ప్రింటింగు స్క్రీన్లు,
కుట్టుమిషను బెల్టు, సైదులుకు కుంచెలు.
సైదులుకు వినపడదు, మాట రాదు.
ఇప్పుడు కిరాణం దుకాణపోళ్లు బోర్డు రాయాలంటే ఆయన్నే పిలుస్తున్నరు.
అక్షరం వంకర పోయిందని సేటు ఒర్రుతడు,
సైదులు తన పాటికి తాను
ఒత్తుకు నీడ దిద్దుకుంట కూసుంటడు.

ఏడోది మాత్రం గట్టిగ చదివినం, అందరికీ.
“లబ్ధిదారు ఒక్కరు. చెప్పులు రెండు జతలు.
వివరణ ఇవ్వగలరు.”

మైబూబు చూపు లేని చేతులతో కుర్చీకి వైరు అల్లుతుండె,
ఆ చేతులు ఆగినయి.
లింగస్వామి “రెండు, రెండు” అని చప్పట్లు కొట్టిండు.
నలభై ఒక్క ఏండ్లు ఆయనకు, లెక్క ఇరవై దాకనే వస్తది.
అందుకే మా కట్టకు ఇరవై గుడ్డసంచులే.
ఇయ్యాల్టిదాక ఒక్క కట్ట తప్పు పోలేదు.

వివరణ:
జంగమ్మ కుడి పాదం ఏడో నెంబరు.
ఎడమ పాదం మూడు.
చిన్నప్పటి జ్వరం ఆ కాలును అక్కడనే ఆపేసింది.
ఏ దుకాణంల గూడ చెప్పును ఒంటిగ అమ్మరు,
రెండు జతలు కొంటేనే ఆమెకు ఒక్క జత.
ఇరవై తొమ్మిదేండ్లు అన్న పాత చెప్పుల్ల
పేలికలు కుక్కుకొని నడిచింది.
మీ ఫారంల శాతానికి గడి ఉంది, అరవై రెండని నింపినం.
పాదాలకు గడి లేదు.

మిగిలిన రెండు ఏమైనయని
ఎనిమిదో అభ్యంతరం రాస్తరేమో, ముందే చెప్తున్న.
ఏడో నెంబరు ఎడమది, మూడో నెంబరు కుడిది
నెల రోజులు మేకుకు వేలాడినయి.
సైదులు వాటికి కండ్లు గీసిండు.
పొద్దున షెట్టరు ఎత్తంగనే అవి మమ్మల్ని చూసేటియి.

తర్వాత ఒక సోమవారం
తండా నుంచి రమావత్ ద్వాలి వచ్చింది, పని ఉందా అని.
మేము పేరడగకముందే
జంగమ్మ ఆమె కాళ్ల దిక్కు చూసింది.
లేచి మేకు దగ్గరికి పోయింది.

ఎడమది సరిపోయింది.
కుడిది వేలెడు వదులు.
పేలికలకు మా దగ్గర కొదువ లేదు.

ద్వాలి ఇప్పుడు స్క్రీన్ మీద రంగు లాగుతున్నది.
మొన్న నెలకు మూడు వేల ఎనిమిది వందలు అందుకొని
రెండుసార్లు లెక్కపెట్టి,
మూడోసారి లింగస్వామితోని లెక్కపెట్టించింది.
ఇరవై దాకనే.

రెండో విడత ఆగి నాలుగు నెలలైంది.
కిరాయి రెండు నెలలది బాకీ.
మిల్లు సేటు మంచోడే, కానీ
మంచితనానికి గూడ గడువు ఉంటదని మొన్న అన్నడు.

చెప్పుల దుకాణపాయన రశీదు ఇయ్యలేదు.
దానికి బదులుగ
సైదులు నాలుగు పాదాలు గీసిండు,
కొలతలు పక్కన ఉన్నయి, కింద జంగమ్మ సంతకం,
ద్వాలి వేలిముద్ర.
ఆకుపచ్చ ఇంకు కాదది, స్క్రీన్ రంగు,
ఇంకా పూర్తిగ ఆరలేదు.

దయచేసి
మడవకుండ ఫైలుల పెట్టగలరు.